కిచెన్ ఫిట్టర్ గ్యాస్ పైపు ముట్టుకోవచ్చా?

అందరికీ నమస్కారం. ఇంటికి వేడినీళ్ళు, వెచ్చదనం ఇచ్చే బాయిలర్ సర్వీసు గురించి చెప్తానేమో అనుకుని వచ్చుంటారు చాలామంది, కానీ నేనివాళ వంటింటి గురించే మాట్లాడతాను, ఎందుకంటే ఇక్కడ బ్రిటన్‌లో మనవాళ్ళు ఇల్లు కొన్నాక ముందు చెయ్యి పెట్టేది వంటింటి మీదే, పాత కిచెన్ పీకించేస్తారు, మధ్యలో గోడ కొట్టించేస్తారు, వెనక ఎక్స్‌టెన్షన్ వేయించి పోపులకి వేపుళ్ళకి అక్కడ ఇంకో చిన్న వంటిల్లు పెట్టుకుంటారు. మంట కనపడితే గాని వంట చేసినట్టుండదు అని గ్యాస్ హాబే, అంటే వంటగట్టులోకి దించే స్టవ్వే, అడుగుతారు. పెట్టుకోండి, అందులో తప్పేం లేదు. ఆ హాబ్‌ని పైపుకి ఎవరు కలుపుతున్నారు అన్నదే నా బాధంతా.

నేను ఈ దేశంలో గ్యాస్ ఇంజనీరుగా పని చేస్తున్నాను. కిచెన్ ఫిట్టర్ల మీద నాకు చాలా గౌరవం, వంకర గోడకి అల్మారా తిన్నగా నిలబెట్టడం, వర్క్‌టాప్ అతుకు కనపడకుండా కలపడం అందరికీ వచ్చే పని కాదు. కానీ 1998 నాటి గ్యాస్ సేఫ్టీ రెగ్యులేషన్స్ ప్రకారం గ్యాస్ పని వృత్తిగా చేసేవాళ్ళు, అర్హులైన గ్యాస్ ఇంజనీర్ల అధికారిక జాబితా అయిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉండి తీరాలి. ఇంగ్లాండ్, స్కాట్లాండ్, వేల్స్ మూడింటికీ ఇదే రూలు. పని అంటే కొత్తది బిగించడం ఒక్కటే అనుకుంటారు, కాదండీ, పాత హాబ్ విప్పి పక్కన పెట్టడం, పైపు చివర మూత బిగించడం, రెండడుగులు పక్కకి జరపడం, అన్నీ పనే. ఫిట్టర్లు మొదటిరోజే పాత కిచెన్ పీకేస్తారు చూడండి, చాలా ఇళ్ళల్లో తప్పు జరిగేది ఆ రోజే.

ఒక్క మినహాయింపు ఉంది. కింద ఓవెన్, పైన బర్నర్లు ఉండి నేలమీద నిలబడే కుక్కర్‌కి వెనక తిప్పి లాగితే ఊడొచ్చే బయోనెట్ కనెక్షన్ ఉంటుంది, ఊడగానే అదంతట అదే మూసుకుపోతుంది. దాన్ని ఊడదీసి కుక్కర్ వెనక కడుక్కుని మళ్ళీ పెట్టుకోవడం చట్టం లెక్కలో గ్యాస్ పని కిందికి రాదు. అదే వర్క్‌టాప్‌లో దించే హాబ్ అనుకోండి, దానికి మామూలుగా రాగి పైపుతో గట్టి కనెక్షన్ ఉంటుంది, దాన్ని ఫిట్టర్ ముట్టుకోకూడదు. ఇంకోటి, కొత్త కుక్కర్ తెచ్చి బయోనెట్ తగిలించేస్తే బిగించినట్టు కాదు, ప్రెజర్ చూడాలి, మంట చూడాలి, చుట్టూ కాలే వస్తువులు ఎంత దూరంలో ఉన్నాయో చూడాలి, అది మళ్ళీ గ్యాస్ ఇంజనీరు పనే.

మరి మా ఇంట్లో మేమే చేసుకుంటే అని అడుగుతారు కొందరు. సొంతింట్లో చేసుకున్నా సరే ఆ పని పూర్తిగా వచ్చినవాడే చెయ్యాలని చట్టంలో ఉంది. ఊళ్ళో సిలిండర్ మార్చి, రెగ్యులేటర్ తగిలించి, సబ్బు నురగ పెట్టి చూసిన అలవాటు మనందరికీ ఉంది, ఆ ధైర్యం ఇక్కడ పనికిరాదు. అక్కడి ఎల్పీజీ గాలికంటే బరువు, లీకైతే నేలమీద పేరుకుంటుంది. ఇక్కడ పైపులో వచ్చేది ముఖ్యంగా మీథేన్, గాలికంటే తేలిక, పైకి పోతుంది, సీలింగ్ సందుల్లోంచి పై గదిలోకి కూడా పోతుంది. సిలిండర్‌లో గ్యాస్ ఒకప్పటికి అయిపోతుంది, వీధి పైపుకి అలాంటి అంతం లేదు.

ఒక్క కనెక్షన్‌తో ఏమవుతుందిలే అనుకునేవాళ్ళకి నేనెప్పుడూ రోనన్ పాయింట్ గురించి చెప్తాను. తూర్పు లండన్‌లో కానింగ్ టౌన్ దగ్గర 22 అంతస్తుల బిల్డింగు, అప్పటికి జనం చేరి రెండు నెలలు. 1968 మే 16న పొద్దున్నే 18వ అంతస్తులో ఒకావిడ టీ పెట్టుకుందామని అగ్గిపుల్ల గీసింది. ఆ పేలుడుకి గోడలు బయటికి ఎగిరిపోయి బిల్డింగు ఒక మూల పైనుంచి కింద దాకా కూలిపోయింది, నలుగురు చనిపోయారు, 17 మందికి దెబ్బలు తగిలాయి, అగ్గిపుల్ల గీసినావిడ మాత్రం బతికింది. అంతలా కూలిపోవడానికి కట్టడంలో లోపం కూడా కారణమే. కానీ గ్యాస్ ఎలా బయటికొచ్చిందయ్యా అని విచారణలో చూస్తే, స్టవ్వుకి పైపు కలిపే దగ్గర ఒక నాసిరకం ఇత్తడి నట్టు విరిగింది. ఆ తర్వాతే 1970లో కోర్గీ అనే రిజిస్టర్ మొదలైంది, 1991లో అందులో ఉండడం తప్పనిసరి చేశారు, 2009 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో గ్యాస్ సేఫ్ రిజిస్టర్ వచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మీ కిచెన్ చేసేవాడు "గ్యాస్ కూడా నేనే కలిపేస్తా, మా ఫ్రెండ్ గ్యాస్ సేఫ్, వాడొచ్చి సంతకం పెడతాడు" అన్నాడనుకోండి, అక్కడే ఆపేయండి. ఒకడు చేసిన పనికి ఇంకొకడు సంతకం పెట్టే పద్ధతే లేదు. పని ఎవరు చేస్తారో గ్యాస్ సేఫ్ కార్డు వాళ్ళ దగ్గరుండాలి, సంతకం పెట్టేవాడికి గోడ వెనక ఏముందో తెలీదు కదా. కేసయితే కోర్టులో భారీ జరిమానా పడొచ్చు, రెండేళ్ళ దాకా జైలు కూడా పడొచ్చు. "గ్యాస్ నేను ముట్టుకోను, దానికి వేరే మనిషిని పిలుచుకోండి" అని ముందే చెప్పే ఫిట్టర్ దొరికితే మాత్రం నాలుగొందల పౌండ్లు ఎక్కువైనా అతనికే పని ఇవ్వండి. పనికి ఎంతవుతుందో కోట్ రాయించుకునేటప్పుడే గ్యాస్ పనిని విడిగా ఒక లైనులో రాయించుకోండి, ఎవరు చేస్తారో పేరుతో సహా.

కార్డు అంటే ముందువైపు ఒక్కటే చూసి ఊరుకోకండి. ముందు ఫోటో, 7 అంకెల లైసెన్స్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. వెనక్కి తిప్పితే ఆ మనిషి ఏయే పనులకి అర్హుడో రాసుంటుంది, బాయిలర్ చేయడానికి అర్హత ఉండి కుక్కర్‌కి లేనివాళ్ళు కూడా ఉంటారు. ఆ నంబరుని గ్యాస్ సేఫ్ వెబ్‌సైటులో కొడితే వివరాలన్నీ వచ్చేస్తాయి. తలుపు దగ్గర కార్డు అడగడం మర్యాద కాదేమో అని మన పెద్దవాళ్ళు మొహమాటపడతారు, నేను ఏ ఇంటికెళ్ళినా ఎవరైనా అడిగితే సంతోషంగా తీసి చూపిస్తాను.

ఇక గ్యాస్ పైపు ముట్టుకోకుండానే ఫిట్టర్లు తెచ్చే తంటాలు కొన్ని ఉన్నాయి, ఇవి ఎవరూ చెప్పరు కాబట్టి కొంచెం ఓపిగ్గా వినండి. బాయిలర్ చుట్టూ అందంగా అల్మారా కడతారు, దాని ముందు కవరు ఊడదీసే చోటు కూడా వదలరు, తర్వాత సర్వీసుకి వచ్చినవాడు అల్మారా కోయాల్సిందే. గోడలో గాలికోసం వదిలిన చిల్లుల ఇటుకని వెనక నుంచి పలకతో మూసేస్తారు. హాబ్ పైన చిమ్నీ మరీ కిందికి బిగిస్తారు, ఎంత ఎత్తుండాలో దాని కంపెనీ పుస్తకంలోనే రాసుంటుంది. అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఎక్స్‌టెన్షన్. అంతకుముందు పెరట్లోకి పొగ వదిలే బాయిలర్ గొట్టం, కొత్త గది కట్టాక ఆ గది లోపలికే వదులుతూ ఉంటుంది. ఆ పొగలో ఉండగల కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగూ లేదు వాసనా లేదు, పిల్లలు అక్కడే కూర్చుని హోంవర్క్ చేసుకుంటుంటారు. గోడ లేవకముందే గ్యాస్ ఇంజనీరుని పిలిచి చూపించండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొనండి.

రెండో ఇల్లు కొని అద్దెకిచ్చినవాళ్ళు ఈ గదిలో చాలామందే ఉన్నారు. మీకు బాధ్యత ఇంకా ఎక్కువ. ప్రతి 12 నెలలకి గ్యాస్ చెక్ చేయించాలి, ఆ కాగితం 28 రోజుల్లోపు అద్దెకున్నవాళ్ళకి ఇవ్వాలి, తర్వాత ఇంకో రెండు చెక్‌లు జరిగేదాకా దాచాలి. మధ్యలో చవగ్గా కిచెన్ మార్పించి, చెక్ గడువు ఇంకా ఉంది కదా అని ఊరుకుంటే ఆ కాగితం ఉన్నది పాత కిచెన్‌కి, అందులో నిద్రపోయేది వేరేవాళ్ళ పిల్లలు.

వాసన వస్తే మాత్రం లైటు స్విచ్ వెయ్యొద్దు, ఆపొద్దు, కిటికీలు తలుపులు తెరవండి, మీటరు దగ్గరున్న పిడిని పైపుకి అడ్డంగా తిప్పేయండి, బయటికొచ్చి 0800 111 999కి ఫోన్ చెయ్యండి, రాత్రయినా పగలైనా ఎత్తుతారు. వాళ్ళు వచ్చి ప్రమాదం లేకుండా చేసి వెళ్తారు, రిపేరు మాత్రం మీరే గ్యాస్ సేఫ్ మనిషితో చేయించుకోవాలి. ఇంటికెళ్ళాక ఆ పిడి ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి, ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలకి కూడా.

ఇప్పుడు మీ ఇళ్ళ సంగతి అడగండి. ఫోన్లో కిచెన్ ఫోటోలుంటే తీసుకురండి, బాయిలర్ అల్మారా లోపలి ఫోటోలైతే ముందు అవే చూద్దాం.