నల్ల కోడలు కథలా, నీళ్ల తొట్టి వీడియోనా: పిల్లలకి ఏది చూపిద్దాం?

అందరికీ నమస్కారం. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాను. రంగుని బట్టి, కులాన్ని బట్టి మనిషిని తక్కువగా చూడకూడదని పిల్లలకి నేర్పే వీడియోలు ఏవి బాగున్నాయో ఈరోజు మాట్లాడుకుందాం.

ముందు తెలుగులో ఉన్నవి. యూట్యూబ్‌లో ‘నల్ల కోడలు తెల్ల కోడలు’ అని కొట్టండి, బొమ్మల కథలు వరసగా వస్తాయి. నేను చూసినవాటిలో కథ దాదాపు ఒకటే. అత్తగారు నల్ల కోడల్ని చూసి మొహం చిట్లిస్తుంది. బొగ్గు అంటుంది, కాకి అంటుంది. తెల్ల కోడలికి పట్టుచీర, నల్ల కోడలికి అంట్లు. చివర్లో అత్తకి జబ్బు చేస్తే నల్ల కోడలే సేవ చేస్తుంది, అత్త కళ్లు తెరుచుకుంటాయి.

నీతి మంచిదే కదా అనిపిస్తుంది. నేను మాత్రం వీటిని పిల్లలకి చూపించొద్దనే చెప్తాను. వీడియో నిండా తిట్లే. పిల్లలు నవ్వేది ఆ తిట్లకే, మర్నాడు బడిలో పక్క పిల్లని అనేదీ అవే. నీతి వచ్చే టైముకి వాళ్లు ఇంకో వీడియో నొక్కేసి ఉంటారు. నన్ను అంతకన్నా ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటుంది. తెల్ల కోడలు ఊరికే కూర్చున్నా ఆ ఇంటి కోడలే. నల్ల పిల్ల మాత్రం వండాలి, సంపాదించాలి, అత్త ప్రాణం కాపాడాలి, అప్పుడుగానీ మనిషిగా లెక్కలోకి రాదు. చామనఛాయగా ఉన్న ఏడేళ్ల పాప దీన్ని చూసి ఏం అనుకుంటుంది? తన ఒంటి రంగుకి తనే ఏదో బాకీ ఉన్నట్టు అనుకోదా?

ఇప్పుడు దీని పక్కన ఇంకోటి పెడతాను. అమెరికా టీవీలో వచ్చిన ‘మిస్టర్ రోజర్స్ నైబర్‌హుడ్’ అనే పిల్లల కార్యక్రమంలో ఒక చిన్న ముక్క, 1969 నాటిది. ఎండగా ఉందని ఫ్రెడ్ రోజర్స్ చిన్న నీళ్ల తొట్టిలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాడు. అటుగా ఒక పోలీసు ఆఫీసరు వస్తాడు. ఆ వేషం వేసింది ఫ్రాంస్వా క్లెమన్స్ అనే నల్లజాతి గాయకుడు. మీరూ కాళ్లు పెట్టండి అంటాడు రోజర్స్. నా దగ్గర తువ్వాలు లేదే అంటాడాయన. నాది వాడుకోండి అంటాడీయన. రంగు అనే ఊసే ఎత్తరు. ఇద్దరి కాళ్లూ ఒకే నీళ్లలో ఉంటాయి, కెమెరా వాటినే చూపిస్తుంది.

ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. 1964లో ఫ్లోరిడాలోని సెయింట్ ఆగస్టీన్‌లో, నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి, నల్లవాళ్లని రానివ్వని ఒక మోటెల్ స్విమ్మింగ్ పూల్‌లో దిగితే, మేనేజరు ఆ నీళ్లలో యాసిడ్ పోశాడు. ఈ సంగతి తెలిశాక ఆ తొట్టి వీడియో మళ్లీ చూడండి.

మా బాబు చూసి, ‘ఇందులో కథేదీ?’ అన్నాడు. మంచి ప్రశ్న. నాలుగైదేళ్ల పిల్లలకి కథ చెప్పక్కర్లేదు, చూస్తే చాలు. పదేళ్లు దాటినవాళ్లకి మాత్రం అమెరికా దగ్గరే ఆగిపోకండి. అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో గొడవ మొదలైంది మంచినీళ్ల దగ్గరే. దళితుల చెరువు నీళ్లు పాడు చేయొద్దని అడిగినందుకు 1985 జూలై 17న పెత్తందారీ కులంవాళ్లు దాడి చేసి ఆరుగురు దళితుల్ని చంపారు. 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వెనక ఈ ఘటన కూడా ఉంది. రంగు గురించి అంత దూరపు దేశం నుంచి నేర్పి, మన నీళ్ల గురించి నోరు మెదపకపోతే పిల్లలకి సగమే చెప్పినట్టు. మన నెల్లూరులో మాసిన బట్టలతో వచ్చిన పిల్లాణ్ణి ‘యానాదోడిలా ఉన్నావే’ అనేస్తారు. ఆ మాట పడే యానాదులు, అంటే మన గిరిజనుల పిల్లలు అదే తరగతిలో కూర్చుని ఉంటారండీ.

రూబీ బ్రిడ్జెస్ మీద ఉన్న వీడియోలు ఎనిమిదేళ్ల పిల్లల నుంచి చూపించొచ్చు. 1960లో న్యూ ఆర్లీన్స్‌లో ఈ ఆరేళ్ల నల్లజాతి పాప తెల్లవాళ్ల బడికి కేంద్ర ప్రభుత్వ మార్షళ్ల కాపలాతో వెళ్లింది. తెల్ల తల్లిదండ్రులు తమ పిల్లల్ని ఇళ్లకి తీసుకుపోతే, ఆ ఏడాది ఒక్క టీచరు ఒక్క పాపకి పాఠం చెప్పింది. ఇక 1968లో జేన్ ఎలియట్ అనే టీచరు తన తరగతిని కళ్ల రంగుని బట్టి విడగొట్టి, ఒక గుంపుని తక్కువగా చూస్తూ మొదలుపెట్టిన ప్రయోగం మీద వచ్చిన వీడియోలు టీచర్లు చూడాలి, పిల్లలకి వద్దు. ఇంట్లో చేసి చూడటం అసలే వద్దు.

ఈ అమెరికా వీడియోలు ఇంగ్లీషులో ఉన్నాయి, కాబట్టి పక్కన కూర్చుని తెలుగులో చెప్పాలి. తెలుగులో పిల్లల వీడియోలు చేసేవాళ్లెవరైనా ఇది చూస్తుంటే ఒక్క మాట. మన బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగకి రండి. స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్లు తీసుకుంటారు, ఎవరిది ఏ మతమో అడగరు. అత్తా కోడళ్లూ వద్దు, నీతీ వద్దు. ఆ చేతుల్ని, ఆ నీళ్లని పిల్లలకి అర్థమయ్యేలా ఐదు నిమిషాలు తీయండి. తీస్తే లింకు పంపండి, మొదటి రివ్యూ నేనే చేస్తాను.