ముందు చేపను దాచండి, తర్వాత డీఎన్ఏ చదవండి

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దల పేర్లు ఇందాకే చదివేశారు కాబట్టి నేను మళ్ళీ చదవను, చేప చిన్నదే గానీ దాని గొడవ పెద్దది, టైం చాలదు.

జీబ్రాఫిష్ తెలుసు కదా, ల్యాబుల్లో పెంచే చారల చేప. అది మన దేశం చేపేనండీ, 1822లో హామిల్టన్ అనే స్కాట్లాండ్ శాస్త్రవేత్త కోసీ నదిలో దొరికిన చేపని చూసి రాశాడు. దాని మైటోకాండ్రియా, అంటే కణానికి శక్తినిచ్చే భాగం, దాని డీఎన్ఏ మొత్తం 2001లో అచ్చయింది, 16,596 బేస్‌లు, అంటే డీఎన్ఏ అక్షరాలు. మనిషిది 16,569. చివరి రెండంకెలు తారుమారు! కాకతాళీయమే అనుకోండి, నాకు మాత్రం ఎప్పుడు చూసినా సరదా. జీన్లు ఇద్దరికీ 37.

ఈ మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచే వస్తుంది, తండ్రిది దాదాపు రాదు. అందుకే కలగాపులగం అవ్వదు, కణానికి బోలెడు కాపీలు, ముక్క దొరికితే చాలు చదివేయొచ్చు, జాతి తేల్చాలంటే అందరూ దాని వెంటే పడతారు. కానీ ఇంటిపేరు ఒక్కటి చూసి మీ బంధువులందరినీ చెప్పేయమంటే చెప్పగలరా? ఇదీ అంతే. ఒక జాతి ఆడచేప ఇంకో జాతి మగచేపతో కలిసిందనుకోండి, ఆడపిల్లలు తరతరాలూ తండ్రి జాతిలోనే కలుస్తూ పోతే ఒళ్ళంతా తండ్రి జాతి, మైటోకాండ్రియా మాత్రం ఆ మొదటి తల్లిది. దాన్నొక్కదాన్నే చదివితే ఏ జాతి అంటాం? జీబ్రాఫిష్‌కి దగ్గర చుట్టాలు మయన్మార్ వైపున్నాయి, క్యాథిట్, ఈస్కులేపీ అని. వాటితో చుట్టరికం లెక్క, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వచ్చే న్యూక్లియస్ డీఎన్ఏలో ఒక్కో చోట ఒక్కోలా వస్తుంది.

సరే, అసలు నా బాధ ఇది కాదు. మా ఫ్రెండ్ ఒకాయన ఓ చేప డీఎన్ఏలో 600 అక్షరాల ముక్క చదివితే ఆ వరస వింతగా వచ్చింది, జాతుల వంశవృక్షంలో ఏ కొమ్మ మీదా కూర్చోదు. కొత్త జాతా, రెండు జాతులు కలిసిన హైబ్రిడా, పొరపాటున వేరే చేపా? తేల్చాలంటే ఆ చేప కావాలిగా. లేదు! ఫ్రిజ్ ఖాళీ చేయాలని ఎవరో పారేశారట. రిజిస్టర్‌లో ఊరు లేదు, వాగు పేరు లేదు, "అక్వేరియం షాపు" అని రాసుంది. ఇక ఆ 600 అక్షరాలు ఎవరివని చెప్తాం? వెనక బెంచీ వాళ్ళు నవ్వకండి, రేపు మీ ప్రాజెక్టుల్లోనూ ఇదే చూస్తాను.

ల్యాబుల్లో బాగా వాడే ఏబీ రకం కూడా అమెరికాలో పెంపుడు చేపల షాపుల నుంచి కొన్నవాటితోనే మొదలైంది. వాగుల్లో సహజంగా బతికే చేపల్లో ఆడా మగా తేల్చే జన్యు ఏర్పాటు ఆ రకంలో కనపడదని 2014లో తేలింది. అంటే ప్రపంచమంతా చదువుతున్నది ఒకటి, వాగులో తిరిగేది ఇంకొకటి. వాగుది మనకి అందుబాటులో ఉంది, పట్టుకుని లెక్క రాసేవాళ్ళే తక్కువ.

కాబట్టి పిల్లలూ, చేప పట్టిన చోటు అక్షాంశ రేఖాంశాలతో రాయండి. ముందు బతికుండగా రంగుల ఫోటో తీయండి, చచ్చాక చారల రంగు నిలవదు. చేప కుళ్ళకుండా దాచే ఫార్మలిన్‌లో వేయకముందే రెక్క ముక్క కోసి ఆల్కహాల్‌లో పెట్టుకోండి, ఫార్మలిన్ పడితే డీఎన్ఏ పాడవుతుంది. మిగతా చేపకి నెంబర్ కట్టి మ్యూజియంకి ఇవ్వండి, ఫ్రిజ్‌కి కాదు.

బెల్ కొట్టేశారా? ప్రశ్నలుంటే బయట వరండాలో అడగండి.