గీతలు గీసేది వాళ్ళు, ఇళ్ళు కొనేది మనం

అందరికీ నమస్కారం. ఈ హాల్లో చాలామందిది లౌడన్ కౌంటీయే కాబట్టి వర్జీనియా సంగతే మాట్లాడతాను.

ఇండియాలో నియోజకవర్గాల హద్దులు డీలిమిటేషన్ కమిషన్ నిర్ణయిస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఆ పని శాసనసభ్యులదే. ఎదుటి పార్టీ ఓటర్లను కొన్ని సీట్లలో కుక్కేసి, మిగతావాళ్ళను తలా కాస్త పంచేస్తారు. అదే జెర్రీమాండరింగ్.

2011లో వర్జీనియా దిగువ సభ రిపబ్లికన్ల చేతిలో, సెనేట్ డెమోక్రాట్ల చేతిలో ఉన్నాయి. ఎవరి సభ మ్యాప్ వాళ్ళే గీసుకున్నారు. ఇందులో ఎవరూ శుద్ధపూస కాదు! డెమోక్రాట్ల మ్యాప్ ఆ నవంబరుకే బెడిసికొట్టింది, 40 సీట్లలో 20 దగ్గర ఆగిపోయారు. రిపబ్లికన్లది మాత్రం 2017 దాకా నిక్షేపంగా పనిచేసింది.

ఎక్కువ సీట్లు కావాలంటే సొంత ఓటర్లను పల్చగా సర్దాలి. ఒక్కో చోట నాలుగు ఓట్లు ఎక్కువుంటే చాలనుకుంటారు. శివార్లలో ఆ లెక్క పదేళ్ళు నిలవదు. కొత్త కాలనీలు లేస్తాయి, కొత్తవాళ్ళు దిగుతారు, పాతవాళ్ళూ మనసు మార్చుకుంటారు. ట్రంప్ మొదటిసారి గెలిచిన మరుసటి ఏడాదే, 2017లో, వాషింగ్టన్ పక్కనున్న ప్రిన్స్ విలియం, లౌడన్ కౌంటీలు, రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్ శివార్లు తిరగబడ్డాయి. దిగువ సభలో వందకి 66 సీట్లున్న రిపబ్లికన్లు 51కి పడిపోయారు.

అయినా సభ వాళ్ళదే. రాష్ట్రమంతటా ఎక్కువ ఓట్లు డెమోక్రాట్లకి పడినా సరే. న్యూపోర్ట్ న్యూస్‌లోని 94వ సీటులో రెండు పార్టీల అభ్యర్థులకీ సరిగ్గా 11,608 ఓట్లు వచ్చాయి. మన పంచాయతీ ఎన్నికల్లోలాగే గిన్నెలోంచి చీటీ తీశారు. రిపబ్లికన్ యాన్సీ పేరొచ్చింది. మెజారిటీ అలా దక్కింది.

తర్వాత 11 సీట్లను జాతి ఆధారంగా గీశారని ఫెడరల్ కోర్టు తేల్చి, మ్యాప్ మార్పించింది. 2019లో డెమోక్రాట్లకి 55 వచ్చాయి. అందరూ కోర్టుదే ఘనత అంటారు. నేను ఒప్పుకోను. 2017లో పాత మ్యాప్ మీదే 15 సీట్లు పెరిగాయి, కొత్తదాంతో పెరిగినవి ఆరు. కోర్టు ముట్టుకోని సెనేట్ మ్యాప్ మీదే, హైదరాబాదులో పుట్టిన గజాలా హష్మీ రిచ్‌మండ్ శివార్లలో గెలిచారు. 2025లో ఆమె లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికయ్యారు.

అయితే శివార్లు అన్నిచోట్లా ఇంతగా కదలవు. 2018లో విస్కాన్సిన్ గవర్నర్ పదవి గెలిచిన డెమోక్రాట్లకి అసెంబ్లీలో 99కి 36 సీట్లే వచ్చాయి. మిల్వాకీ శివార్లు అప్పటికింకా రిపబ్లికన్లవే.

ఇంకొక్క మాట. సీట్లు పంచేది మొత్తం జనాభాని బట్టి, ఓటర్లని బట్టి కాదు. హెచ్-1బీ మీద ఉన్నా మీరు ఆ లెక్కలో ఉంటారు. 2030లో సెన్సస్ ఫారం వచ్చినప్పుడు పక్కన పడేయకండి.