మధ్యవేలి మీద ఎత్తుగడ

శ్రోతలకు నమస్కారం. కాకినాడలో పగలు లెక్కలు, సాయంత్రం మృదంగం చెబుతూ వచ్చిన ఆచార్యులవారు ఒకరు ఈ నెలాఖరుకి ఉద్యోగ విరమణ చేస్తున్నారు. బాలమురళీకృష్ణగారి శంకరగుప్తం, వీణ చిట్టిబాబుగారు పుట్టిన కాకినాడ ఉన్న డెల్టా మనది. సంగీతం తెలిసిన మాస్టార్లకు ఇక్కడ కొదవలేదు. సరిసంఖ్య, బేసిసంఖ్య చెవికి వినిపించేలా చెప్పేవారు మాత్రం అరుదు. ఆ పాఠం వినండి, చేత్తో తాళం వేస్తూ వినండి.

ఆది తాళం. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్యవేలు. తర్వాత దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. మొత్తం 8 అక్షరాలు. ఒక్కో అక్షరానికి త-క-ది-మి, 4 మాత్రలు. ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకి, 32.

ఇప్పుడు ముక్తాయింపు, అంటే ఒక ముక్కను మూడుసార్లు వేసి, ఆవర్తనం చివరికి సరిగ్గా ముగించడం. 'తదిగిణతోం', 5 మాత్రలు. మూడుసార్లు వేయాలి, మధ్య రెండేసి మాత్రల విరామం. 5, 2, 5, 2, 5. మొత్తం 19. 32లో 19 పోతే 13. అంటే 13 మాత్రలు వదిలి పద్నాలుగో మాత్ర మీద ఎత్తుకోవాలి, అంటే మొదలుపెట్టాలి. అది మధ్యవేలి అక్షరంలో రెండో మాత్ర.

కొత్తవాళ్ళు తప్పేది ఇక్కడే. వేలు పడగానే ఎత్తుకుంటారు. చివరి 'తోం' ఒక మాత్ర ముందే అయిపోతుంది. సమం, అంటే తర్వాతి ఆవర్తనం మొదటి దెబ్బ, దొరకదు; కంగారులో ఆఖరి విరామం సాగదీస్తారు. తప్పు చేతిది కాదు, లెక్కది. బేసి జతి, అంటే బేసి మాత్రల ముక్క, మూడుసార్లు వేస్తే బేసే. సమానమైన విరామాలు రెండు కలిస్తే సరి. కూడితే బేసే. బేసి మొత్తం ఎన్నటికీ అక్షరం మొదట ఎత్తుకోదు. ఎన్నటికీ.

అక్షరం మీదే ఎత్తుకోవాలా? 'త'ని ఒక్క మాత్ర నిలపండి: 'తా దిగిణతోం', 6. విరామం ఒకటికి తగ్గించండి. 6, 1, 6, 1, 6. మొత్తం 20. వదలవలసినవి 12. సరిగ్గా మధ్యవేలు పడేచోట ఎత్తుగడ!

ఇంత తేటైన పాఠం శాలువాతో, పూలదండతో ముగిసిపోకూడదని నా కోరిక. సన్మానం చేసేవారు ఆ సాయంత్రం ఒక మృదంగం, ఒక నల్లబల్ల వేదిక మీద పెట్టించండి. పాఠమంతా రికార్డు చేయించండి. మైకు ఒకటి మృదంగానికి, ఒకటి ఆయన గొంతుకి. తాళం వేసే చెయ్యి కూడా కెమెరాలో పడాలి. మధ్యవేలు కనిపించకపోతే ఈ పాఠం సగమే అందుతుంది.