డ్రైవ్ తిప్పగానే బాగుందనిపిస్తే నమ్మకండి

శాచురేషన్ (ధ్వని తరంగాన్ని నొక్కి ఆకారం మార్చే ఎఫెక్ట్) యాప్ తెరవడం, ఆ నొక్కుడు ఎంతో నిర్ణయించే డ్రైవ్ నాబ్ తిప్పడం, ‘ఆహా, ఎంత నిండుగా ఉందో’ అనడం! ఇది చూసినప్పుడల్లా నాకు చిరాకు. ఆ నిండుదనంలో చాలా భాగం ఉత్త వాల్యూమ్. కాస్త పెద్దగా వినిపించేదల్లా మన చెవికి మెరుగ్గానే తోస్తుంది. అందుకే డ్రైవ్ పెంచినప్పుడల్లా ఔట్‌పుట్ తగ్గించి, ఎఫెక్ట్‌ను కాసేపు ఆపే బైపాస్ బటన్ నొక్కుతూ పోల్చి చూడండి. డ్రైవ్ 6 డెసిబెల్స్ పెంచాం, ఔట్‌పుట్ 6 తగ్గిద్దాం అంటే లెక్క కుదరదు. తరంగం శిఖరాలు అప్పటికే అణిగిపోయి ఉంటాయి. చెవితోనే సరిచూసుకోవాలి.

మరి వాల్యూమ్ తీసేస్తే శాచురేషన్ చేసేదేమిటి?

[స్క్రీన్ మీద: నునుపైన సైన్ తరంగం, 55 హెర్ట్జ్]

ఇదొక బేస్ స్వరం. హెడ్‌ఫోన్లలో గుండెకు తగులుతుంది, ఫోన్ స్పీకర్లో మాత్రం మాయం. వెంటనే అందరూ ఈక్వలైజర్ దగ్గరికి పరుగెత్తుతారు. దయచేసి ఆగండి! అంత కింది స్వరాన్ని పలికించే శక్తి ఆ చిన్న స్పీకరుకు లేదు, ఎంత పెంచినా లేదు. ఈక్వలైజర్ ఉన్నదాన్నే పెంచుతుంది. శాచురేషన్ లేనిదాన్ని పుట్టిస్తుంది.

తరంగాన్ని పైనా కిందా సమానంగా నొక్కితే 55కు బేసి గుణిజాలు పుడతాయి: 165, 275, 385. ఒకవైపే ఎక్కువగా నొక్కితే 110, 220, 330 లాంటి సరి గుణిజాలు కూడా చేరతాయి. ఇప్పుడు వరుస చూడండి: 220, 275, 330, 385. వీటిలో పైవాటిని ఫోన్ స్పీకర్ పలకగలదు. ఒక్కోదాని మధ్య ఎడం ఎంత? సరిగ్గా 55. ఆ ఎడాన్ని పట్టుకుని, స్పీకర్ పలకని 55ను మెదడు తానే పూరించుకుంటుంది. నాకు ఈ విషయం ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. అందుకే ఫోన్లో వినబోయే బేస్‌కు రెండు రకాల గుణిజాలూ ఇచ్చే మోడ్‌నే నేను ఎంచుకుంటాను.

ఆ మోడ్ ఏదో పేరును బట్టి తేల్చకండి. ట్యూబ్ (పాత యాంప్లిఫైయర్లలోని వాక్యూమ్ గొట్టం) అనగానే సరి గుణిజాలని కళ్ళు మూసుకుని చెప్పేస్తారు. రెండు ట్యూబులు ఎదురెదురుగా పనిచేసే పుష్-పుల్ సర్క్యూట్లో అవి చాలావరకు రద్దయిపోతాయి. తెర మీద వెలిగే ట్యూబు బొమ్మ ఎంత అందంగా ఉన్నా దానికి శబ్దం లేదు. ఒక సైన్ తరంగం పంపి, ఏయే పౌనఃపున్యాలు ఉన్నాయో గీసి చూపే స్పెక్ట్రమ్ ఎనలైజర్లో చూడండి.

ఇప్పుడు అదే స్వరం పై స్థాయిని, అంటే 110ని షడ్జమం అనుకుందాం. పంచమం 165. రెండింటినీ కలిపి ఒకే డిస్టార్షన్‌లోకి (గట్టిగా నొక్కే శాచురేషనే) పంపితే వాటి తేడా కూడా స్వరమై పుడుతుంది: 55. మన పాత 55 మళ్ళీ వచ్చింది, అదీ శ్రుతిలోనే! ఎలక్ట్రిక్ గిటార్‌పై ఈ జంట అంత బలంగా మోగడానికి ఇదొక కారణం. పంచమం బదులు అంతర గాంధారం పెడితే? కీబోర్డులో అది సుమారు 138.6. తేడా 28.6. షడ్జమానికి అది ఏ విధంగానూ సరిగ్గా కుదరదు. ఇలాంటివి పోగుపడితే వినిపించేది బురద. కాబట్టి తీగల ట్రాకుకు, గొంతుకు, బేస్‌కు శాచురేషన్ విడివిడిగా పెట్టండి. మొత్తం మిక్స్ మీద పెడితే అతి తక్కువగా.

సమయం అయిపోతోంది, మిగిలినవి గబగబా. 44,100 శాంపిల్ రేటులో, అంటే ధ్వనిని సెకనుకు అన్నిసార్లు కొలిచినప్పుడు, అందులో సగం, 22,050 హెర్ట్జ్ దాటిన శబ్దానికి చోటు లేదు. 5,000 హెర్ట్జ్ స్వరానికి ఏడో గుణిజం 35,000. అది వెనక్కి మడిచి 9,100 దగ్గర పడుతుంది, పాటతో సంబంధం లేని గరగరగా. దాన్ని తగ్గించడానికే, శాంపిల్ రేటును లోపల తాత్కాలికంగా పెంచే ఓవర్‌శాంప్లింగ్ బటన్. ఆ అదనపు పనితో ఫోన్ వేడెక్కితే ఆ ట్రాకును ఆడియోగా రెండర్ చేసి, ఎఫెక్ట్ తీసేయండి.

ఐప్యాడ్ ఉంటే ఫాబ్‌ఫిల్టర్ శాటర్న్ 2 అనే శాచురేషన్ ఎఫెక్ట్ ఏయూవీ3 రూపంలో (యాపిల్ పరికరాల్లో సంగీత యాప్ లోపలే తెరుచుకునే ప్లగిన్‌గా) దొరుకుతుంది. పౌనఃపున్యాలను పట్టీలుగా విడగొట్టి, కింది పట్టీకి మాత్రమే డ్రైవ్ ఇవ్వవచ్చు. ఆండ్రాయిడ్‌లో ఏయూవీ3 లేదు, మీ రికార్డింగ్ యాప్ లోపలి ఎఫెక్టులే దిక్కు. విడగొట్టే సౌకర్యం లేకపోతే బేస్ ట్రాకును కాపీ చేసి, కాపీకి డిస్టార్షన్ దట్టించి, 150 హెర్ట్జ్ కింద కోసేసి, అసలు ట్రాకు కింద సన్నగా కలపండి. రెండూ కలిశాక బేస్ పలచబడితే కాపీ ఫేజ్ తిప్పి, అంటే దాని తరంగాన్ని తలకిందులు చేసి చూడండి.