హాట్ అంటే వేడా, కారమా?

శ్రోతలకు నమస్కారం.

మిఠాయి కొట్లో "స్వీటా, హాటా?" అని అడుగుతారు. అక్కడ హాట్ అంటే కారప్పూస, మిక్చరు, చెగోడీలు. వారం రోజులుగా డబ్బాలో చల్లగా పడి ఉన్నా సరే, అది హాటే. ఇంకోచోట గొంతు తగ్గించి "హాట్ ఏమైనా ఉందా?" అంటే విస్కీయో బ్రాందీయో. అదే అలవాటుతో లండన్‌లో హాట్ డ్రింక్ అడిగితే పొగలు కక్కే టీ తెచ్చి పెడతారు. వాళ్ల హాట్ డ్రింకులు టీ, కాఫీలే మరి.

ఇంగ్లీషులో దొంగసొత్తు హాట్. అమెరికా ఎలక్ట్రీషియన్‌కి కరెంటున్న తీగ హాట్. మనం ఫేజ్ అంటామే, అదే. ఇవన్నీ పక్కన పెట్టి ఈ పూట ఒక్క ముడి విప్పుదాం. వేడికీ హాటే, కారానికీ హాటే. ఎందుకు?

ఇంగ్లీషుకు మాటల కరువని మనం నవ్వుకుంటాం. కానీ కలిపేసింది భాష కాదు, ఒళ్లే.

మన నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే చిన్న తలుపు ఉంటుంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే అది తెరుచుకుని, "కాలుతోంది" అని మెదడుకు కబురు పంపుతుంది. మిరపకాయకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్ అనే పదార్థం కూడా సరిగ్గా ఆ తలుపునే తెరుస్తుంది. వచ్చింది నిప్పో మిరపకాయో మెదడుకు తెలియదు. దానికి అందిన కబురు ఒక్కటే. అందుకే చెమటలు పడతాయి. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం ఈ సంగతి 1997లో బయటపెట్టింది. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది.

కారం నిజానికి రుచి కాదు. రుచే అయితే కంట్లో పడితే మండటం ఎందుకు? కంటికి పులుపూ తీపీ తెలియవుగా!

తెలుగుకూ ఈ గుట్టు తెలుసు. వేడి వేరు, కారం వేరు అంటూనే క్రియ దగ్గర దొరికిపోతాం. నిప్పు మండుతుంది, ఎండ మండుతుంది, పచ్చడి తింటే నోరూ మండుతుంది. చిలకకు మాత్రం ఈ తికమక లేదు. పక్షుల్లో ఆ తలుపు వేడికి తెరుచుకుంటుంది గాని, కారానికి చలించదు. చిలకలకు భాషంటూ ఉంటే వాటికి రెండు మాటలు కావలసిందే.

నోరు మండినప్పుడు నీళ్లు ఎందుకు పనిచేయవో చూడండి. క్యాప్సైసిన్ నూనె జాతిది, నీళ్లలో కరగదు. నీళ్లు దాన్ని నోరంతా పులుముతాయి, అంతే. చల్లటి పాలు ఒక గుక్క నోట్లో పోసుకుని అర నిమిషం ఉంచండి. పాలలోని కేసీన్ అనే ప్రోటీను దాన్ని పట్టుకుపోతుంది. గడ్డ పెరుగైనా సరే. పల్చటి మజ్జిగ అంత పట్టదు. వేడి టీ మాత్రం వద్దే వద్దు. కారం తగిలాక ఆ తలుపు 43 దాకా ఆగదు, తక్కువ వేడికే తెరుచుకుంటుంది. చేతులు మండుతుంటే ముందు కాస్త వంటనూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. కూరలో కారం తగ్గాలంటే గింజలు దులిపితే చాలదు. ఘాటు చాలావరకు గింజలు అంటుకుని ఉండే తెల్లటి భాగంలో ఉంటుంది. దాన్ని గీకి తీసేయాలి.

ఇక బయటి దేశపు హోటల్లో మాట సంగతి. కారం కావాలంటే "హాట్" అనకండి, "స్పైసీ" అనండి. అదీ చాలదు, మసాలా ఘాటును కూడా కొందరు స్పైసీ అనే అంటారు. "చిల్లీ" అన్న మాట జోడించండి. చల్లారిన సూప్ మళ్లీ వేడి చేయించాలా? "నాట్ హాట్" అంటే మిరప సాస్ సీసా తెచ్చి పక్కన పెట్టినా పెడతారు. "ఇట్స్ కోల్డ్" అనండి, గిన్నె వంటింట్లోకి వెళ్తుంది.

నమస్కారం.