కరూసో సీడీల పెట్టె: శ్రుతి దిద్దారు, ఊపిరి తీసేశారు

ప్రేక్షకులకు నమస్కారం. ఇటలీ ఒపేరా (పాటలతో నడిచే నాటకం) గాయకుడు ఎన్రికో కరూసో పాటల ఈ సీడీల పెట్టెను విడుదల చేసిన సంస్థే నాకు ఉచితంగా పంపింది; ఏమి చెప్పాలో మాత్రం చెప్పలేదు. ఎన్ని సీడీలో, ధర ఎంతో మీరు ఈపాటికే చూసి ఉంటారు కనుక, నన్ను రెండు రాత్రులు మేలుకొలిపిన విషయానికి, అంటే రికార్డు తిరిగే వేగానికి నేరుగా వస్తాను.

1873లో నేపుల్స్‌లో పుట్టిన కరూసో, 1902 ఏప్రిల్ 11న మిలాన్‌లోని ఒక హోటల్ గదిలో, పది పాటలకు 100 పౌండ్ల ఒప్పందం మీద, కొమ్ములాంటి గొట్టంలోకి పాడారు. ఆ రికార్డింగు జరిపిన ఫ్రెడ్ గైస్‌బర్గే అదే ఏడాది నవంబరులో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ చేత పాడించారు. నిమిషానికి 78 చుట్లన్న లెక్క అప్పటికింకా స్థిరపడలేదు. 73 చుట్ల మీద పాడించిన రికార్డును 78 మీద తిప్పితే శ్రుతి అర మెట్టుకు పైగా పెరిగి, గొంతు పలచబడుతుంది.

ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద నేను కొన్న పాత కేసెట్టు చేసిన పాపం అదే. దాన్ని విని, ఈ సన్నని గొంతుకా ఇంత పేరు అనుకునేవాణ్ణి. శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని 'రిగొలెత్తో' ఒపేరాలోని 'క్వెస్తా ఓ క్వెల్లా' పాటను రెండింటిలోనూ వింటే, ఈ పెట్టెలోని మొదటి సీడీలో వేగం సరిదిద్దినందున శ్రుతి దిగి, గొంతులోని బరువు బయటపడింది. పియానో మాత్రం పక్కింట్లో మోగుతున్నట్టే ఉంది. 1913లో ఫిలడెల్ఫియాలో 'లా బొహెమ్' నడుస్తుండగా బాస్ (అతి మంద్ర స్వరం) గాయకుడి గొంతు పోతే, అతని పాటను కరూసోయే అందుకున్నారన్న కథను ఇప్పుడు నమ్మగలను.

నా చిరాకంతా చివరి సీడీ మీదనే. మైక్రోఫోను రికార్డింగు 1925లో గానీ రాలేదు, ఆయన 1921లో 48వ ఏటనే పోయారు. కాబట్టి సూది బరబర ఆయన గొంతుతో పుట్టినదే. 1920 డిసెంబరు 24న న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపేరా హౌస్‌లో ఆయన చివరిసారి వేషం కట్టిన 'లా జూయివ్' ఒపేరాలోని పాటను, అదే ఏడాది సెప్టెంబరులో రికార్డు చేసినదాన్ని, ఇక్కడ ఎంతగా తోమారంటే, చరణానికి ముందు ఆయన తీసుకునే ఊపిరి కూడా బరబరతోపాటే కొట్టుకుపోయింది.

అయినా కొనమనే చెబుతాను, ఆ మొదటి సీడీ ఒక్కటే ధరకు సరిపోతుంది. ఆ చివరి పాటకు మాత్రం, శ్రుతి తప్పినా సరే, నేను కేసెట్టే పెట్టుకుంటున్నాను.